నూతన క్రిప్టోకరెన్సీ జారీలలో మోసాలు

కొత్తగా సృష్టించిన క్రిప్టోకరెన్సీని, అది మార్కెట్టులోకి రాకముందు గానీ వచ్చిన తొలి రోజులలో గానీ ప్రజలకు అమ్మి డబ్బు సమీకరించడాన్ని తొలి నాణేల జారీ లేదా ఐ.సి.ఓ. అంటారు. ఇటువంటి జారీలలో కొన్ని నిజమైన సాంకేతిక ప్రయత్నాలు కాగా, అనేకం మదుపుదారుల సొమ్ము కాజేయడానికే మొదలుపెట్టినవి. నాణెం కొత్తది కావడం, దాని వెనుక ఆస్తులు గానీ ఆదాయం గానీ లేకపోవడం, జారీ చేసేవారు తరచు విదేశాలలోనో అజ్ఞాతంలోనో ఉండడం వలన ఇందులో నష్టభయం చాలా ఎక్కువ. తెలుగునాట ఇవి గొలుసుకట్టు పథకాల రూపంలో చిన్న పట్టణాలకు కూడా చేరాయి.

చరిత్ర

సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008లో వెలువడిన పత్రం ఆధారంగా 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలయింది. బిట్‌కాయిన్‌ను ఎవరూ ముందుగా అమ్మలేదు. కొత్త నాణేన్ని ముందుగా అమ్మి నిధులు సేకరించే పద్ధతి 2013లో మాస్టర్‌కాయిన్‌తో మొదలయింది. 2014లో ఎథీరియం ఇదే పద్ధతిలో నిధులు సమకూర్చుకున్నది. ఎథీరియం వేదికపై కొద్దిపాటి ప్రోగ్రాముతో ఎవరైనా సొంత నాణేన్ని తయారు చేయగలగడంతో 2017లో ఈ జారీలు వెల్లువెత్తాయి. ఆ ఏడాది సెప్టెంబరులో చైనా వీటిని నిషేధించింది. కొన్ని జారీలు వాటాల అమ్మకంతో సమానమేనని, వాటికి సెక్యూరిటీల చట్టాలు వర్తిస్తాయని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2017 జూలైలో ప్రకటించింది.

షేర్ల తొలి జారీకి, నాణేల తొలి జారీకి పేరులో పోలిక ఉన్నా స్వభావంలో పోలిక లేదు. భారతదేశంలో ప్రజలకు షేర్లు అమ్మదలచిన సంస్థ తన లెక్కలు, అప్పులు, కేసులు, ప్రమోటర్ల వివరాలతో పత్రం తయారుచేసి సెబీకి సమర్పించాలి. నాణెం జారీ చేసేవారు మాత్రం సాధారణంగా "శ్వేతపత్రం" అనే పత్రాన్ని తామే వ్రాసి తామే ప్రకటిస్తారు. అందులోని మాటలను తనిఖీ చేసేవారుండరు.

మోసాల రకాలు

పోంజీ పద్ధతి: 1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో 45 రోజులలో 50 శాతం లాభం ఇస్తానని చెప్పి వేలమందిని ముంచిన చార్లెస్ పోంజీ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరినవారి సొమ్మునే పాతవారికి లాభంగా పంచుతారు. ఉదాహరణకు 100 మంది తలా లక్ష రూపాయలు కట్టారనుకుందాం. వచ్చిన మొత్తం కోటి రూపాయలు. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామంటే చెల్లించవలసినది కోటీ 80 లక్షలు. వ్యాపారమేమీ లేకపోతే మొదటి కోటి పది నెలలలో అయిపోతుంది. మిగిలిన 80 లక్షలు కొత్తవారి నుండి రావాలి. ఆ కొత్తవారికి కూడా ఇదే లెక్కన చెల్లించాలి కనుక, చేరేవారి సంఖ్య పెరుగుతూ పోవాలి. పెరుగుదల ఆగిన రోజున పథకం కూలుతుంది.

చాపచుట్టడం: కొత్త నాణేలను తరచు ఒక ఉమ్మడి నిధి ద్వారా అమ్ముతారు. ఈ నిధిలో ఒక పక్క కొత్త నాణేలు, మరొక పక్క విలువ కలిగిన పేరున్న నాణేలు ఉంటాయి. కొనేవారు పేరున్న నాణేలను నిధిలో వేసి కొత్తవాటిని తీసుకుంటారు. నిధి నిండిన తరువాత నిర్వాహకులు పేరున్న నాణేలన్నిటినీ ఒక్కసారిగా లాగివేస్తారు. మదుపుదారుల చేతిలో కొనేవారు లేని నాణేలు మిగులుతాయి.

అమ్మనివ్వని నాణెం: ప్రోగ్రాములోనే కొనడానికి వీలుండి అమ్మడానికి వీలులేని నిబంధన పెడతారు. అమ్మేవారు లేనందున ధర పైపైకే పోతుంది. ఆ ధరను చూసి మరికొందరు కొంటారు.

ధర పెంచి దింపడం: జారీ చేసినవారు నాణేలలో అధికభాగం తమ వద్దనే ఉంచుకొని, ప్రచారంతో ధర పెంచి, తమవి అమ్ముకొని వెళ్ళిపోతారు. 100 కోట్ల నాణేలలో ఒక కోటి మాత్రమే ఒక్కొక్కటి 10 రూపాయలకు అమ్మితే వచ్చిన సొమ్ము 10 కోట్లే. అయినా "మా నాణెం విలువ 1,000 కోట్లు" అని ప్రచారం చేసుకొనవచ్చును. మిగిలిన 99 కోట్ల నాణేలను ఆ ధరకు కొనేవారు లేరన్న సంగతి ఆ అంకెలో కనబడదు.

అసలు లేని నాణెం: బ్లాక్‌చెయిన్ ఏదీ లేకుండా, సంస్థ సొంత కంప్యూటరులో అంకెలు మార్చి ఖాతాదారులకు లాభంగా చూపుతారు.

ప్రముఖ ఉదంతాలు

వన్‌కాయిన్: బల్గేరియా కేంద్రంగా 2014లో రూజా ఇగ్నతోవా తదితరులు ప్రారంభించారు. దీనికి నిజమైన బ్లాక్‌చెయిన్ లేదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 400 కోట్ల డాలర్లు వసూలు చేసినట్లు అమెరికా అధికారులు తెలిపారు. ఇగ్నతోవా 2017 అక్టోబరులో అదృశ్యమైనది. సహవ్యవస్థాపకుడు కార్ల్ గ్రీన్‌వుడ్‌కు 2023లో 20 ఏళ్ళ జైలుశిక్ష పడింది. భారతదేశంలో 2017లో నవీ ముంబై పోలీసులు దీని ప్రచారకులను అరెస్టు చేశారు.

గెయిన్‌బిట్‌కాయిన్: 2015లో అమిత్ భరద్వాజ్ ప్రారంభించిన ఈ పథకం 18 నెలల పాటు నెలకు 10 శాతం చొప్పున బిట్‌కాయిన్లలో లాభం ఇస్తామన్నది. చెల్లింపులు కష్టమైన తరువాత బిట్‌కాయిన్లకు బదులు సొంతంగా తయారుచేసిన ఎంక్యాప్ అనే నాణేన్ని అంటగట్టింది. దాని మార్కెట్టు విలువ చాలా తక్కువ. భరద్వాజ్ 2018లో అరెస్టయి, 2022లో మరణించాడు. దేశమంతటా నమోదైన కేసుల దర్యాప్తును తరువాత సీబీఐ చేపట్టింది.

బిట్‌కనెక్ట్: 2018 జనవరిలో కూలిపోయింది. సుమారు 240 కోట్ల డాలర్ల మోసంగా అమెరికా న్యాయశాఖ దీనిని పేర్కొన్నది. వ్యవస్థాపకుడు సతీష్ కుంభానీపై 2022లో అభియోగాలు నమోదయ్యాయి.

మోరిస్ కాయిన్: కేరళ, కర్ణాటక కేంద్రాలుగా 2020లో బయటపడింది. నాణెం తొలి జారీ పేరుతో సుమారు 1,200 కోట్ల రూపాయలు సేకరించినట్లు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ తెలిపింది.

స్క్విడ్ నాణెం: ఒక ప్రసిద్ధ కొరియా ధారావాహిక పేరు వాడుకొని 2021 అక్టోబరులో వచ్చింది. కొన్నవారు అమ్ముకోలేకపోయారు. ధర 2,800 డాలర్లు దాటిన తరువాత నవంబరు 1న కొద్ది నిమిషాలలో దాదాపు సున్నాకు పడిపోయింది.

తెలుగునాట

క్రిప్టోకరెన్సీ రాకముందే ఇదే తరహా దెబ్బ తెలుగు ప్రాంతం చూసింది. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంస్థ, స్థలాలు లేదా అధిక వడ్డీ ఇస్తామని గ్రామ గ్రామాన ఏజెంట్ల ద్వారా చిన్న మొత్తాలు వసూలు చేసింది. 2014-15 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. పలు రాష్ట్రాలలో సుమారు 32 లక్షల ఖాతాదారులకు 6,380 కోట్ల రూపాయల మేర బకాయి పడినట్లు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క కట్టింది. 10 వేల రూపాయల లోపు డిపాజిటుదారులకు 2019లోను, 20 వేల లోపు వారికి 2021లోను ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుండి చెల్లింపులు చేసింది. అగ్రిగోల్డ్‌కు భూములు ఉన్నాయి కనుక వాటిని జప్తు చేయడం సాధ్యమైనది. కొత్త నాణెం పేరిట జరిగే మోసంలో జప్తు చేయడానికి అటువంటి ఆస్తి ఉండకపోవచ్చును.

2024లో తెలంగాణలోని నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరిట సాగిన గొలుసుకట్టు పథకంలో పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. వారిలో ప్రభుత్వోద్యోగులు కూడా ఉన్నారు. అగ్రిగోల్డ్‌లో గానీ, ఇటువంటి నాణేల పథకాలలో గానీ చేర్చినవారు ఎక్కువగా పరిచయస్తులు, బంధువులే. సంస్థ ఎక్కడిదో తెలియకపోయినా చెప్పిన మనిషి తెలిసినవాడు కావడమే నమ్మకానికి ఆధారమైనది.

శ్రీకాకుళం జిల్లాలో 16వ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న నరసన్నపేట చుట్టుపక్కల గ్రామాలకు వ్యాపార కేంద్రము. జిల్లా నుండి హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై, గల్ఫ్ దేశాలకు ఉపాధి కోసం వెళ్ళేవారు ఎక్కువ. వారు ఇంటికి పంపిన సొమ్ము బంగారం, చీటీలు, స్థలాల రూపం తీసుకోవడం పరిపాటి. చీటీకి 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం, రిజిస్ట్రారు కార్యాలయం ఉన్నాయి. చీటీ రిజిస్టరు అయినదో కాదో అక్కడ విచారించవచ్చును. నాణెం జారీకి అటువంటి కార్యాలయం లేదు.

భారతదేశంలో చట్టపరమైన స్థితి

* భారతీయ రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులో తొలిసారిగా ప్రజలను హెచ్చరించింది. 2018 ఏప్రిల్‌లో క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకు సేవలను నిలిపివేసింది. ఈ ఉత్తర్వును సుప్రీం కోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది.
* 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో ఆస్తుల లాభాలపై 30 శాతం పన్ను అమలులోకి వచ్చింది. పన్ను విధించడం అనుమతి ఇవ్వడం కాదు. "ప్రభుత్వం పన్ను తీసుకుంటున్నది కనుక మా నాణెం చట్టబద్ధం" అన్న ప్రచారం తప్పుదారి పట్టించేది.
* 2023 మార్చి నుండి క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. ఎక్స్ఛేంజీ నమోదు అయినంత మాత్రాన అందులో అమ్మే నాణేలకు హామీ లభించదు.
* మనుషులను చేర్పించి డబ్బు పంచే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ నిషేధ చట్టం నిషేధిస్తుంది. అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం 2019లో వచ్చింది. దీని ప్రకారం ఇటువంటి డిపాజిట్లు తీసుకోవడమే కాక, వాటిలో చేరమని ప్రోత్సహించడం కూడా నేరం. కనుక కమీషను కోసం బంధువులను చేర్పించినవారు బాధితులుగానే కాక నిందితులుగా కూడా నిలబడే అవకాశముంది.

గుర్తించే లక్షణాలు

* నెలకు ఇంత శాతం అని స్థిరమైన లాభం వాగ్దానం చేయడం. ధర మారే వస్తువుపై స్థిరమైన లాభం ఎవరూ హామీ ఇవ్వలేరు.
* ఇతరులను చేర్పిస్తే కమీషను ఇవ్వడం.
* నిర్వాహకుల పేర్లు, చిరునామా తెలియకపోవడం, లేదా విదేశీ చిరునామా మాత్రమే ఉండడం.
* లాభం తెరపై కనబడినా, తీసుకోబోతే "పన్ను", "రుసుము" పేరిట ముందుగా మరికొంత కట్టమనడం.
* హోటళ్ళలో సభలు, విదేశీ యాత్రలు, కార్ల బహుమతులతో ప్రచారం చేయడం.

మొదటి రెండు మూడు నెలలు సొమ్ము సక్రమంగా రావడం పథకం నిజమైనదనడానికి రుజువు కాదు. పోంజీ పథకాలన్నీ మొదట చెల్లిస్తాయి.

మోసపోయినవారు చేయవలసినవి

వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, దగ్గరలోని పోలీసు స్టేషనులో గానీ ఫిర్యాదు చేయాలి. ఆలస్యం కాకపోతే బ్యాంకు ఖాతాలలో సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది. నాణేలుగా మారి విదేశాలకు చేరిన తరువాత రాబట్టడం కష్టం. బ్యాంకు రసీదులు, సందేశాలు, నాణేలు పంపిన చిరునామాలు, చేర్పించినవారి వివరాలు భద్రపరచాలి. పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామని రుసుము అడిగేవారు తరచు రెండవసారి మోసం చేయడానికి వచ్చినవారే.

ఇవి కూడా చూడండి

* పోంజీ పథకం
* బిట్‌కాయిన్
* అగ్రిగోల్డ్
* నరసన్నపేట