భాగ్యనగర ఫుట్‌బాల్ జట్టు: పుట్టుక, గెలుపు, వలస



నేను కోనసీమలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణము, ఛందస్సు చెప్పుకొని బ్రతికినవానికి ఫుట్‌బాల్ ఆటతో నేమి పని యని మీరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. కాని ఈ ప్రసంగమునకు నన్ను పురికొల్పినవాడు నా మనుమడు. 2022 మార్చి నెలలో హైదరాబాదు జట్టు దేశమందలి పెద్ద పోటీలో గెలిచిన రాత్రి వాడు మా వీధి యరుగుమీద గంతులు వేసెను. అప్పటికి వాడు చిన్నవాడు. మూడేండ్లు గడచిన పిమ్మట ఒకనాడు నా ప్రక్కకు వచ్చి, "తాతగారూ, మన జట్టు ఢిల్లీ వెళ్ళిపోయిందటండీ. ఊరు వదిలి జట్టెలా వెళ్తుందండీ?" అని యడిగెను. నాకు వెంటనే సమాధానము తోపలేదు. తెలిసినవారిని విచారించి, చదువదగినవి చదివి, వానికి చెప్పిన దానినే నేడు మీకును విన్నవించుచున్నాను.

ఈ కథకును మన సీమకును ఒక సంబంధము కలదు. హైదరాబాదు జట్టు ఏ క్రీడాంగణమును తన యిల్లుగా జేసికొనెనో, గచ్చిబౌలియందలి ఆ క్రీడాంగణమునకు గంటి మోహన చంద్ర బాలయోగిగారి పేరు పెట్టియున్నారు. గౌతమి యొడ్డున ఎదుర్లంకలో పుట్టి, అమలాపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1998లో ఆ సభకు అధ్యక్షుడై, 2002 మార్చి 3వ తేదీన కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదమున అసువులు బాసిన మన బాలయోగిగారే ఆయన. ఎదుర్లంకను యానాముతో కలుపు వంతెనకును ఆయన పేరే. ఆ వంతెనమీదుగా పోవు మనవారిలో పెక్కుమందికి, ఆ పేరు గల మైదానములో ఒక జట్టు పుట్టి, వెలిగి, పోయిన సంగతి తెలియదు.

ముందుగా పాతకథ చెప్పవలెను. హైదరాబాదునకు ఫుట్‌బాల్ క్రొత్త కాదు. 1950 నాటికి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశమున ప్రసిద్ధి కెక్కెను. ఆ సంవత్సరమున డ్యూరాండు కప్పు పోటీ చివరి ఆటలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సారులు గెలిచెను. హైదరాబాదు రాష్ట్రజట్టు సంతోష్ ట్రోఫీని 1956-57లోను, మరుసటి యేడును గెలుచుకొనెను.

ఈ వైభవమునకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించెను. వృత్తిచే బడిపంతులు. ఈ మాట చెప్పునపుడు నాకు కొంచెము గర్వము కలుగుచున్నది, క్షమింపుడు. బడిలో పిల్లలకు పాఠము చెప్పినట్లే ఆయన ఆటను గూడ పాఠముగా విభజించి నేర్పెను. బంతిని తనయొద్దనే యుంచుకొని ఒక్కడే పరుగెత్తుట నిషేధించి, తోటివానికి అందించియే ఆడవలెనను పోటీలు పెట్టించెను. ఎడమకాలు బలహీనమైనవాడు ఆ కాలితోనే ఆడవలెనని మఱికొన్ని పోటీలు పెట్టించెను. మనము పిల్లవానికి రాని ఎక్కమునే పదిమారులు వల్లెవేయింతుము గదా, ఆ పద్ధతి ఇదియే.

ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఇరానును ఓడించి స్వర్ణపతకము గొన్నది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1గా ఓడిపోయినది. మనవారిలో పెక్కురు అప్పటికి వట్టికాళ్ళతో ఆడుచుండిరి. ఆ యోటమి తరువాతనే బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2గా గెలిచి నాలుగవస్థానము నందుకొనిరి. ఆ జట్టులో సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ గలడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1గా ఓడించి రెండవ స్వర్ణము తెచ్చిరి. వెనుక కావలి కాయవలసిన జర్నైల్ సింగ్, తలకు గాయమై కట్టుతోనున్నను, రహీమ్‌గారి యానతిచే ముందువరుసలో ఆడి గోలు చేసెను. అప్పటికే రహీమ్‌గారికి రాచపుండు పట్టియుండెను. మఱుసటి సంవత్సరము, 1963 జూన్ 11వ తేదీన, ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆయన కథను ఇటీవల 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగా తీసిరి.

ఆయన తరువాత ఏమయ్యెను? 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు మఱల సంతోష్ ట్రోఫీని గెలిచినది. అటుపిమ్మట దీపము క్రమముగా కొండెక్కెను. నేర్పరులైన ఆటగాండ్రను కలకత్తా జట్లు పిలుచుకొనిపోయినవి. బలరామ్ గూడ 1957లో ఈస్ట్ బెంగాల్ జట్టునకు పోయెను. పోలీసు ఉద్యోగమను నీడయు, ఉద్యోగులలోనే ఆటగాండ్రను పెంచు అలవాటును ఉన్నంతకాలము జట్టు నిలిచెను. కాని గురువు పోయిన పిమ్మట గురువును తయారు చేసినవారు లేరైరి. మనలో తోటగలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కొబ్బరిచెట్టు తరతరములు కాయును. కాని ముసలిచెట్లు కాయుచున్నవి గదా యని మధ్య మధ్య మొక్క వేయనివాని తోట ఒక్కసారిగా బోసి పోవును.

ఇక క్రొత్తకథ. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ అను పోటీ ఆరంభమయ్యెను. దానిలో పూనా నగరమునకు ఒక జట్టు ఉండెడిది. ఆ జట్టు మూతపడగా, దాని స్థానమును 2019 ఆగస్టులో వరుణ్ త్రిపురనేని, విజయ్ మద్దూరి యను తెలుగువారు కైకొని హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టును స్థాపించిరి. మొదటి ఆట కలకత్తాలో. అయిదు గోల్సు తినిరి, ఒక్కటియు చేయలేదు. తరువాత గచ్చిబౌలిలో తమ యింట ఆడిన తొలి ఆటలో కేరళ బ్లాస్టర్సును 2-1గా గెలిచిరి. అయినను ఆ సంవత్సరము 18 ఆటలలో రెండే గెలిచి, 10 పాయింట్లతో అన్నింటికంటె అడుగున నిలిచిరి.

2020 ఆగస్టు చివర మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశస్థుడు శిక్షకుడుగా వచ్చెను. అది మహమ్మారికాలము. ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేకుండ జరిగినవి. ఆ యేడు జట్టు అయిదవస్థానమునకు ఎగబ్రాకెను. మఱుసటి యేడు లీగులో 38 పాయింట్లతో రెండవస్థానము గొని, 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డా మైదానమున అంతిమపోరాటములో మఱల కేరళజట్టును ఎదుర్కొనెను. కేరళవారు ముందు గోలు చేసిరి. ఆట ముగియుటకు రెండు నిమిషముల ముందు సాహిల్ తవోరా సమము చేసెను. చివరకు పెనాల్టీలకు రాగా, గోలురక్షకుడు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపెను. 3-1తో కప్పు హైదరాబాదునకు వచ్చెను. నా మనుమడు గంతులు వేసిన రాత్రి అదియే.

ఇచ్చట ఒక విషయము గమనింపుడు. కప్పు గెలిచిన ఆ సంవత్సరమున లీగుపోటీలో జట్టు తన సొంతయింట ఒక్క ఆటయైనను ఆడలేదు. హైదరాబాదు పౌరుడెవ్వడును తన మైదానమున కూర్చుండి ఆ విజయయాత్రను చూచి యెఱుగడు. అది యెవరి తప్పును కాదు, మహమ్మారి కల్పించిన స్థితి. కాని జట్టునకును ఊరికిని పేగుబంధము ముడిపడవలసిన రెండేండ్లు అట్లు గడచిపోయినవి.

2022-23లో ఇంటికి తిరిగివచ్చి మఱల రెండవస్థానమే పొందిరి. ఉపాంత్యపోరాటములో పెనాల్టీలపై ఓడిరి. పిదప మార్కెజ్ గోవాజట్టునకు పోయెను. 2023-24లో జీతములు బకాయి పడెను. క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య ఆంక్ష పెట్టెను. పరదేశపు ఆటగాండ్రును, పేరుగల మనదేశపు ఆటగాండ్రును ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. మిగిలిన కుర్రవాండ్రు 22 ఆటలలో ఒక్కటి గెలిచిరి. రెండేండ్ల క్రిందటి విజేతలు 8 పాయింట్లతో అడుగునబడిరి. 2024లో బి.సి. జిందాల్ సంస్థ జట్టును కొనెను. ఒక సంవత్సరము గడచెను. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని పేరు మార్చుకొనెను. పుట్టుక మొదలు వలస వరకు ఆఱేండ్లు. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకొని పసుపుబట్టలు కట్టి జట్టు వెంట తిరిగిన అభిమానులకు తమదని చెప్పుకొనుటకు జట్టు లేకపోయెను.

ఇట్టివి మనదేశముననే జరుగునని తలంపవలదు. స్కాట్లాండు దేశమున ఇంగ్లండు పొలిమేరలో గ్రెట్నా యని ఒక చిన్న ఊరు గలదు. పూర్వము ఇంగ్లండునుండి తల్లిదండ్రుల కండ్లుగప్పి పారిపోయివచ్చిన జంటలు అక్కడ పెండ్లాడుచుండుటచే దానికి ప్రసిద్ధి. జనసంఖ్య సుమారు మూడువేలు. మన లంకగ్రామమంత. 1946లో పుట్టిన అక్కడి జట్టునకు బ్రూక్స్ మైల్సన్ అను ధనికుడు అండయై నిలిచెను. 2005, 2006, 2007 సంవత్సరములలో వరుసగా మూడు మెట్లెక్కి దేశములోని అగ్రశ్రేణిలో చేరినది. 2006లో స్కాటిష్ కప్పు అంతిమపోరాటము వరకు వచ్చి హార్ట్సు జట్టు చేతిలో పెనాల్టీలపై ఓడినది. అగ్రశ్రేణికి తగినట్లు ఊరి మైదానము లేకపోగా, దూరమున మదర్‌వెల్ మైదానమునకు పోయి ఆడవలసివచ్చినది. 2008లో మైల్సన్ జబ్బుపడెను. ధనము ఆగెను. కొలది నెలలలో జట్టు కూలిపోయెను. ఆ సంవత్సరమే ఆయనయు మరణించెను.

ఒంటిరాటమీద వేసిన పందిరి ఎంత వెడల్పైనను ఆ రాట విఱిగిననాడు నేల గూలును. ఇందులో రెండు జట్లును సమానమే. అయితే గ్రెట్నావారు అటుపై చేసిన పని వినదగినది. అభిమానులే కూడుకొని అదే సంవత్సరము 'గ్రెట్నా 2008' అను క్రొత్తజట్టును పెట్టుకొనిరి. పెద్దకప్పుల యాశ విడిచి, చిన్నపోటీలలో, పిదప తమ ఊరి పాతమైదానమునకే తిరిగివచ్చి ఆడుచు వచ్చిరి. అరటిచెట్టు ఒక్క గెలతో సరి. గెల కోసిన పిదప చెట్టు నరుకుదుము. కాని మొదట పిలక యుండినచో తోట పోదు. గ్రెట్నాలో పిలక లేచినది. గచ్చిబౌలిలో చెట్టును వేళ్ళతో గూడ పెకలించి వేఱొకచోటికి కొనిపోయిరి.

అట్లని హైదరాబాదున ఫుట్‌బాల్ పూర్తిగా నశించెనని నేననను. శ్రీనిధి దక్కన్ అను మఱియొక జట్టు ఐ-లీగ్ పోటీలో 2022-23లోను 2023-24లోను రెండవస్థానము పొందెను. ఆశకు చోటు లేకపోలేదు.

ఇప్పుడు మన సంగతి. అమలాపురములో పుట్టిన సాత్విక్‌సాయిరాజ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బ్యాడ్మింటన్ జంటపోటీలో, చిరాగ్ శెట్టితో కలిసి, స్వర్ణము తెచ్చెను. కనుక మన పిల్లలకు సత్తువ లేదనుట కల్ల. బ్యాడ్మింటన్‌కు చిన్నచోటు చాలును. ఫుట్‌బాల్‌కు ఇరువదిరెండుగురు పరుగెత్తు నేల కావలెను. కోనసీమలో కొబ్బరితోటకును వరిచేనికిని నడుమ అట్టి నేల యెంత మిగిలియున్నది? మిగిలినదెల్ల బడి ముంగిటనే.

ఇందు నా తప్పును నేను ఒప్పుకొనవలెను. ఉద్యోగములో నున్నంతకాలము పరీక్షలు దగ్గర పడినపుడెల్ల డ్రిల్లు మాస్టరుగారిని బ్రతిమాలి ఆటల పీరియడు తీసికొని యతులు, ప్రాసలు చెప్పెడివాడను. అది పిల్లల మేలు కొఱకే యనుకొంటిని. ఒకనాడు ఒక పిల్లవాడు కిటికీలోనుండి ఖాళీ మైదానమువైపు చూచుచుండగా చెవి మెలిపెట్టితిని. వానికి ఛందస్సు వచ్చెనో లేదో నాకు జ్ఞాపకము లేదు, ఆ చూపు మాత్రము జ్ఞాపకమున్నది. రహీమ్‌గారును బడిపంతులే. ఆయన మైదానమును గూడ తరగతిగదిగా భావించెను. నేను భావింపనైతిని.

కాన పెద్దలను నేను కోరునది చిన్నది. పెద్దజట్టులను నిలుపుట మన చేతిలోని పని కాదు. మీ గ్రామమున బడిమైదానము నుండి గజము నేలయైనను పోనీయకుడు. అక్కడ ధాన్యము కళ్ళము చేయనీయకుడు, కొబ్బరిడొక్కలు పేర్వనీయకుడు. సాయంకాలము ఒక గంటసేపు పిల్లలను బంతితో వదలుడు. నేర్పగలవాడు ఊరిలో ఒక్కడున్నను, వాని చేతిక్రింద మఱియొకనిని తయారు చేయుడు.

నా మనుమనికి ఈ కథయంతయు చెప్పిన పిమ్మట వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే మన జట్టు మనమే పెట్టుకోవాలన్నమాట అండీ" అనెను. మఱునాడు సంతలో వానికి ఒక బంతి కొనియిచ్చితిని. ప్రస్తుతము మా వీధిలో ఏడుగురు ఆడుచున్నారు. ఇంకను నలుగురు కావలెను.