చెప్పులు కుట్టేవాడు, రాళ్లు చెక్కేవాడు: గోదావరి గట్టుకొచ్చిన రెండు కుటుంబాలు

కొంచెం పెద్ద పోస్టు. ఓపికుంటే చివరిదాకా చదవండి.

మన గ్రూపులో మిషనరీల మాట వస్తే రెండే రకాలుగా మాట్లాడతాం. ఒకరు దేవుళ్లంటారు, ఇంకొకరు దొంగలంటారు. నేను మతం జోలికి వెళ్లట్లేదు. వాళ్ల ఇళ్లలో బతుకు ఎలా సాగింది, అప్పుడు మనోళ్లు ఎక్కడున్నారు అన్నదే నా గొడవ.

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి రెండు కొత్త జంటలు ఓడెక్కాయి. జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. విలియం బౌడెన్ రాతి పనివాడు. ఇద్దరి భార్యల పేరూ ఎలిజబెతే. దొరలు కాదు, కలెక్టర్లు కాదు, కూలినాలి చేసుకునే ఇళ్ల పిల్లలు. వీళ్లని తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పళ్ల డాక్టరు. అంతకు ముందు ఆయన బాగ్దాదులో ఉండగా 1831లో ప్లేగు వచ్చి భార్య మేరీ చనిపోయింది. అయినా ఆ పని వదల్లేదు.

వీళ్ల పద్ధతి ఏంటంటే, జీతం ఉండదు. నెలనెలా డబ్బు పంపే సంఘం వెనక లేదు. ఎవరైనా పంపితే ఇల్లు గడుస్తుంది, లేకపోతే లేదు. మద్రాసులో దిగి, మచిలీపట్నంలో ఉండి తెలుగు నేర్చుకుని, చివరికి నరసాపురం, పాలకొల్లు చేరారు.

ఇప్పుడు తాడేపల్లిగూడెం నుంచి పాలకొల్లు వైపు బస్సెక్కితే దారంతా కాలవలు, వరిచేలు, చెరువులు. అప్పుడు ఆనకట్టే లేదు. వానొస్తే వరద, రాకపోతే కరువు. 1833 కరువుకి జనం ఊళ్లు వదిలి వలస పోయారు. 1839 నవంబరులో కోరింగ దగ్గర సముద్రం ఊళ్ల మీదికొచ్చేసింది. అలాంటి చోట భాష రాని ఇద్దరు ఆడవాళ్లు కాపురం పెట్టి పిల్లల్ని కన్నారంటే మామూలు విషయం కాదు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక వేల మంది కూలీలు అక్కడ చేరారు. బౌడెన్ ఆ కూలీల మధ్యకి వెళ్లి బోధించాడు. రాతి పనివాడికి రాళ్లు మోసేవాళ్ల దగ్గర కొత్తేముంటుంది? ఆయన మాట మొదట విన్నది కూడా మాలపల్లెల జనమే.

1853లో జార్జ్ బీర్ చనిపోయాడు. ఎలిజబెత్ పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు వెళ్లిపోలేదు, నరసాపురంలోనే ఉండిపోయింది. కొడుకులూ ఆ పనిలోకే వచ్చారు. నాకు ఈ కథలో ఎక్కువ గుర్తుండిపోయేది ఈమే.

మచిలీపట్నంలో ఇంకో సంఘం వాళ్లది ఇంకా కష్టం. 1841లో హెన్రీ ఫాక్స్ భార్యతో వచ్చాడు. 1845లో ఆమె ఆరోగ్యం పాడై స్వదేశానికి బయల్దేరితే మద్రాసు దాటకుండానే చనిపోయింది. 1848లో ఆయనా పోయాడు. ఆయనతో వచ్చిన రాబర్ట్ నోబుల్ పెళ్లే చేసుకోకుండా బడి నడిపాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి బందరు చుట్టూ వేల మంది కొట్టుకుపోయారు. మిషను హాస్టలులోని ఆడపిల్లలు కూడా. హాస్టల్లో ఉండి చదువుకునే నాకు ఈ సంగతి చదివాక నిద్ర పట్టలేదు.

అదే కాలంలో అమెరికాలో మోర్మన్లనే మతం వాళ్లు ఎడారిలో కాపురాలు పెట్టారు. 1847లో సాల్ట్ లేక్ చేరారు. 1856లో ఇంగ్లండు, డెన్మార్కు పేదలు బండి కొనే స్తోమత లేక చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. వెనకబడిన రెండు గుంపుల్లో మంచుకి, ఆకలికి 200 మందికి పైగా చనిపోయారు. తల్లులు పిల్లల్ని దారిలో పూడ్చి నడిచారు. ఆ కష్టాన్ని ఎవరూ కాదనలేరు. కానీ వాళ్లు చేరిన నేల ఖాళీ నేల కాదు. షోషోనీ, యూట్, పైయూట్ ఆదివాసులది. వచ్చినోళ్ల పశువులు గడ్డి మేసేస్తే ఆ గడ్డి గింజలు తిని బతికే షోషోనీలు పస్తులున్నారు. 1863లో బేర్ నది దగ్గర సైన్యం వాళ్లని 200 మందికి పైగా చంపింది. చేతిబండ్ల వాళ్ల పేర్లు మాత్రం జాబితాలతో సహా ఉన్నాయి. చదువొచ్చినవాళ్లు కదా, డైరీలు రాసుకున్నారు.

ఇక మన దుమ్ముగూడెం. నాగపూరు వైపు పత్తిని గోదావరి మీద సముద్రానికి దింపాలని కంపెనీ కాలంలోనే పథకం వేశారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టించిన ఇంజనీరు హేగ్. చలిజ్వరాలకి కూలీలు పారిపోయేవాళ్లు. ఆ పథకాన్ని చివరికి 1871లో ఆపేశారు. ఈ హేగే కోయల మధ్య మిషను పెట్టించాడు. తెల్లవాళ్లు జ్వరాలకి ఆగలేకపోయారు. నిలబడింది రాజు అనే తెలుగాయన. సర్కారులో గుమాస్తా ఉద్యోగం వదులుకుని వచ్చి, తర్వాత పాస్టరయ్యాడు. కులం వదిలి, మైదానం వదిలి అడవిలో కాపురం పెట్టిన ఆ ఇంటి ఆడవాళ్ల గురించి నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు. తెల్లవాళ్ల భార్యలకైనా ఉత్తరాలు మిగిలాయి.

తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్యాసాలు రాశాడు. మన పెళ్లిళ్లు, చావులు, గోత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. కొన్నిచోట్ల కోపమొస్తుంది. కానీ ఆ రోజుల్లో రాసిపెట్టింది ఆయన లాంటి బయటివాళ్లే, అందుకని చదవక తప్పదు. 1879లో రంపలో ఫితూరీ లేచినప్పుడు కూడా కాగితం మీదికెక్కింది సర్కారు మాటే. కల్లు మీద పన్నుకి, మన్సబుదారు దోపిడీకి మనోళ్లు ఏమనుకున్నారో పాటల్లో తప్ప ఎక్కడా లేదు.

దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం వైపు వాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ అవ్వలు, తాతలు ఆ లాకుల దగ్గర పనికెళ్లినోళ్ల గురించి ఏమైనా చెప్పుంటే, ఒక్క పేరైనా సరే, కింద రాయండి. కోయభాషలో వాయిస్ పెట్టినా పర్లేదు, నేను విని రాసుకుంటాను. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లు మాత్రం కొంచెం తొందరగా పెట్టండి. ముసలోళ్లు ఇప్పుడు కాలనీల్లో తలో చోట ఉన్నారు.