శాపకథలు - విమోచనోపాయము

ప్రాచీనశాపములను గూర్చిన సాహసకథలు చిత్రకథాపుస్తకములలో మిక్కిలిగా గానవచ్చుచున్నవి. వానియందు మూడంగములు సామాన్యములు: నిషేధము, దాని నతిక్రమించు సాహసికుడు, ఆపద. ఈజిప్టు దేశమున 1922లో టూటన్‌ఖామన్ సమాధి బయల్పడుటయు, ఆ పరిశోధనకు ధనసాహాయ్య మొనర్చిన కార్నార్వన్ ప్రభువు 1923 ఏప్రిలు 5వ తేదీన మరణించుటయు నీ కల్పనకు బలమిచ్చినవి. బెల్జియము చిత్రకథాకారుడగు హెర్జె 1943లో నారంభించిన ‘ఏడు స్ఫటికగోళములు’ అను కథలో, ఇంకారాజు సమాధిని త్రవ్వినవారు వరుసగా గాఢనిద్రావశులగుదురు. అందు తెరచుటయే దోషము.

మన పూర్వకథలలో శాపమునకు నాలవ యంగము గలదు. అది విమోచనము. 11వ శతాబ్దివాడగు సోమదేవుని కథాసరిత్సాగరమున, శివుడు పార్వతికి రహస్యముగా జెప్పిన కథలను పుష్పదంతుడు పొంచి విని భార్యకు జెప్పి శాపగ్రస్తుడయ్యెను. అతనికై వేడిన మాల్యవంతుడును శపింపబడెను. పుష్పదంతుడు కాణభూతికి, కాణభూతి గుణాఢ్యుడై పుట్టిన మాల్యవంతునకు కథ జెప్పి ముక్తులైరి. గుణాఢ్యుడు దానిని లోకమున వ్యాపింపజేయవలెను. చెప్పరానిది చెప్పుట దోషము; దానికి ప్రాయశ్చిత్తమును చెప్పుటయే.

అయితే వినువాడు లేనిచో విమోచన మెట్లు? సాతవాహనరాజు పైశాచీభాషలోని యా గ్రంథమును నిరాకరింపగా, గుణాఢ్యు డేడు లక్షల శ్లోకములలో నారు లక్షలను మృగములకు వినిపించుచు నగ్నిలో వైచెను. పిదప రాజు పశ్చాత్తప్తుడై వచ్చి మిగిలిన లక్షను గైకొనెను. కథ కల్పితమైనను రాజవంశము చారిత్రకము. ఆదవాని ప్రాంతమున మ్యాకదోని యొద్ద బండపై గల పులుమావి శాసన మొక తటాకనిర్మాణమును దెల్పుచు, నా సీమను సాతవాహనిహార మని పేర్కొనుచున్నది.

ఆ గ్రంథమందలి బేతాళకథలలోను వాక్కే ప్రధానము. తెలిసియు బదులు చెప్పనిచో రాజు తల వ్రక్కలగును. చెప్పినచో మౌనభంగమై బేతాళుడు శవముతో గూడ చెట్టునకు మరలును. తుది ప్రశ్నకు సమాధానము తోపక రాజు మౌనము వహింపగా నీ చిక్కు విడిపోవును. 1947 జూలైలో మద్రాసున వెలువడిన ‘చందమామ’ యీ బేతాళుని గైకొని, నెలనెల క్రొత్త ప్రశ్నలను గల్పించి, యా ముగింపును రానీయలేదు. 21వ శతాబ్ది రెండవ దశకమున పత్రిక నిలిచిపోయినను, రాజు శవమును మోయుచునే యున్నాడు.

కావున శాపకథలను విమర్శించువారు భయ మెంతటిదని గాక, విమోచన మెవరి నోట నున్నదని పరీక్షింపవలెను. సమాధిశాపము పాఠకుని నోరు మూయించును. బేతాళుని శాపము బదులు చెప్పుమని నిర్బంధించును. ఈ భేదమును గుర్తింపక రెంటిని నొక్కగాట గట్టుట యుచితము కాదు.