పాఠశాల గడప దాటిన తొలి ఏడు: కళాశాల ప్రవేశం గురించి చరిత్ర చెప్పే పాఠాలు

పాఠశాల చివరి తరగతికీ కళాశాల మొదటి తరగతికీ నడుమ ఉండే వ్యవధి రెండు మూడు నెలలు మాత్రమే. కాని విద్యార్థి జీవితంలో ఆ వ్యవధి ఒక నదివంటిది. ఈ గట్టున పేరుపెట్టి పిలిచే ఉపాధ్యాయులు, చిన్ననాటి స్నేహితులు, తెలుగులో సాగే పాఠం. ఆ గట్టున ముఖపరిచయమైనా లేని సహాధ్యాయులు, ఆంగ్లంలో సాగే ఉపన్యాసం, హాజరు తీసుకొని వెళ్ళిపోయే అధ్యాపకుడు. ఏటా ఎందరో ఈ నదిని దాటుతున్నారు. కొందరు నడిమిలోనే వెనుదిరుగుతున్నారు. అట్లా వెనుదిరిగినవారిని తెలివి చాలనివారిగా లెక్కకట్టడం లోకానికి అలవాటు. దక్షిణాది విద్యాచరిత్రను పరిశీలిస్తే ఆ లెక్క సరికాదని తేలుతుంది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. ఆనాడు చెన్నపట్నం మొదలు గంజాం వరకు గల తెలుగు విద్యార్థులకు ఉన్నత విద్యాద్వారం అదే. బరంపురం ప్రాంతం సైతం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలోనిదే. మెట్రిక్యులేషన్ గట్టెక్కిన విద్యార్థి రెండేళ్ళ ఎఫ్.ఏ. తరగతిలో చేరేవాడు, ఆపైన బి.ఏ. ఎఫ్.ఏ.లో విద్యార్థికి ఇష్టమున్నా లేకున్నా నిర్ణీత విషయాలన్నింటిలోను ఉత్తీర్ణత అవసరం. ఒక విషయంలో అసమానమైన ప్రజ్ఞ ఉన్నా, మరొక విషయంలో తప్పితే తప్పినట్లే. ఈ నిబంధనకు గురైన వారిలో ప్రపంచ ప్రసిద్ధుడు శ్రీనివాస రామానుజన్.

కుంభకోణం టౌన్ హైస్కూలులో రామానుజన్ ఉత్తమ విద్యార్థి. గణితంలో బహుమతి, కళాశాల చదువుకు విద్యార్థివేతనం పొంది 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. గణితంలో పూర్తిగా మునిగిపోయి తక్కిన విషయాలను నిర్లక్ష్యం చేయడంతో పరీక్ష తప్పి, విద్యార్థివేతనం కోల్పోయారు. 1905 ఆగస్టులో ఇంట చెప్పకుండా విశాఖపట్నం దిక్కుగా బయలుదేరి, రాజమహేంద్రవరంలో కొంతకాలం ఉన్నారు. 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా, ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేకపోయారు. అదే రామానుజన్ 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా ప్రతిభకు పరీక్షలు కొలబద్ద కావనడానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. అయితే కళాశాలలో కొత్తగా చేరే విద్యార్థి గ్రహించవలసిన అంశాలు మరి రెండున్నవి. మొదటిది, పాఠశాలలో పొందిన స్థానం కళాశాలలో తనంత తాను వెంటరాదు. దానిని తిరిగి సంపాదించుకోవాలి. రెండవది, ఇష్టమైన విషయం ఇష్టంలేని విషయాలను మింగివేయరాదు. ఇల్లు విడిచి వెళ్ళిన పదిహేడేళ్ళ యువకుని మనోవేదనను ఆనాడు కనిపెట్టి ఓదార్చే ఏర్పాటేదీ కళాశాలలలో లేదు. ప్రతిభ నిలిచింది గనుక ఆ కథ లోకానికి తెలిసింది. నిలదొక్కుకోలేని వారి కథలు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఇదే కాలంలో మరొక విద్యార్థి మొదటి అడుగులు వేరొక దారిని సాగాయి. తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతిలో చదివి, వేలూరులోని ఊరీస్ కళాశాలలో ఎఫ్.ఏ. పూర్తిచేసి, పిదప మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ప్రవేశించారు. కుటుంబం సంపన్నమైనది కాదు. ఏ విషయం ఎన్నుకోవాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు, డిగ్రీ పూర్తిచేసిన బంధువొకరు తాను చదివిన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఆయనకు ఇచ్చివేశారు. పుస్తకాలు కొనవలసిన పనిలేకపోవడంతో తత్త్వశాస్త్రమే ఆయన విషయమయింది. 1908లో ఎం.ఏ. పట్టానికై వేదాంత నీతిపై రచించిన వ్యాసం ఆచార్య హాగ్ ప్రశంసను పొందింది. భారత రాష్ట్రపతి పదవి వరకు సాగిన ఆ జీవితయాత్రకు తొలి మలుపు ఒక బంధువు చేతినుండి వచ్చిన పాత పుస్తకాలు.

క్రిస్టియన్ కళాశాల అప్పుడు జార్జిటౌనులో ఉండేది. 1937లో తాంబరానికి తరలింది. అక్కడనే రాధాకృష్ణన్ గారికి కొన్నేళ్ళు ముందు చదివినవారు చిత్తూరు మండలం కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి. చదువు ఆంగ్లంలో సాగినా, కళాశాలలో తెలుగు విద్యార్థుల భాషాసమాజం ఉండేది. ఆ సమాజపు పోటీకై 1899లో ఆయన రచించిన కావ్యమే ‘ముసలమ్మ మరణము’. అనంతరం కేంబ్రిడ్జికి వెళ్ళి, అక్కడి విద్యార్థుల చర్చాసంఘంలో ఉపాధ్యక్షులయ్యారు. మాతృభాష పై చదువులకు అడ్డంకి అని తలచేవారికి ఈ జీవితమే సమాధానం. పరభాషలో చదువుతున్న విద్యార్థికి తన భాషలో మాట్లాడగల చిన్న బృందం ఒకటి ఉండడం ఎంతటి అండయో ఆ సమాజం తెలుపుతున్నది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు ప్రథమ ఉపాధ్యక్షులు రామలింగారెడ్డి గారు. 1931లో ఆ పదవిని స్వీకరించినవారు రాధాకృష్ణన్ గారు. ఒకే కళాశాల మెట్లెక్కిన ఇద్దరు విద్యార్థులు ఒకరి వెనుక ఒకరు విశ్వవిద్యాలయాన్ని నడిపారు.

ఇక మూడవ దారి ఆలస్యంగా గట్టెక్కినవారిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్సా విభాగపు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. అమెరికా వెళ్ళి ఆయన చేసిన పరిశోధనలు, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ ఔషధాలకు సంబంధించిన కృషి వైద్యశాస్త్రంలో చిరస్థాయిగా నిలిచాయి. తోటివారికంటె ఒకటి రెండేళ్ళు వెనుకబడిన విద్యార్థి, అతని తలిదండ్రులు ఈ జీవితాన్ని తరచు తలచుకోదగును.

ఈ నలుగురి కాలంలో కళాశాలలోను, ఉన్నత పాఠశాల పై తరగతులలోను ప్రధాన బోధన ఆంగ్లంలోనే. 1930 దశకం చివరినుండి మద్రాసు రాజధానిలోని ఉన్నత పాఠశాలల్లో మాతృభాషలో బోధన విస్తరించింది. అది విద్యాలోకం హర్షించిన సంస్కరణ. విద్యార్థులు విషయాన్ని అర్థం చేసుకొని చదవడం సాధ్యమయింది. కాని కళాశాల మారలేదు. పాఠశాల తెలుగులో నడిచి, కళాశాల ఆంగ్లంలో ఆగిపోవడంతో నదిమీద వంతెన లేకుండాపోయింది. 1950 దశకం మధ్యలో రెండేళ్ళ ఇంటర్మీడియెట్ స్థానంలో ఏడాది ప్రీ-యూనివర్సిటీ తరగతి వచ్చినప్పుడు ఇబ్బంది మరింత పెరిగింది. తెలుగులో భౌతిక, రసాయనశాస్త్రాలు చదివివచ్చిన విద్యార్థి ఆంగ్ల పదజాలం పట్టుబడేలోగా సంవత్సరాంత పరీక్ష ముంగిట నిలిచేది. 1978లో తమిళనాడు పన్నెండేళ్ళ పాఠశాల విద్యను ప్రవేశపెట్టడంతో ఆ సంక్షోభం కళాశాల గుమ్మంనుండి పదకొండవ తరగతికి జరిగింది, తొలగిపోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలను సిద్ధపరచింది. అక్కడి విద్యార్థికి పాఠశాల భాషలోనే పై చదువులకు పుస్తకం దొరికింది. చెన్నపట్నంలోనో బరంపురంలోనో నివసించే తెలుగు విద్యార్థికి ఆ సౌకర్యం కళాశాలలో అక్కరకు రాలేదు. పైగా 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ బోధనా చట్టం ఒకటవ తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరించింది. ఈనాటి విద్యార్థి ఇంట తెలుగు, వీధిలో తమిళం, కళాశాలలో ఆంగ్లం అనే మూడు భాషల బరువును మోస్తున్నాడు. ఇది బరువే గాని బలహీనత కాదు. మూడు భాషలు వచ్చినవానికి ఏ ఊరూ పరాయిది కాదు.

చరిత్రనుండి ఈనాటి విద్యార్థి గ్రహించదగిన ఉపదేశం ఇట్లున్నది. తొలి మూడు నెలల్లో పాఠం పూర్తిగా అర్థం కాకపోవడం సహజం. మరునాటి పాఠాన్ని ముందురోజు రాత్రి ఒకసారి చదివిపోయినవానికి, తరగతిలో చెవిన పడే పారిభాషిక పదాలు సగం పరిచితాలై ఉంటాయి. ప్రతి విషయానికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకొని, ఆంగ్లపదం పక్కన పాఠశాలలో నేర్చిన తెలుగుపదం వ్రాసుకొంటే, పదేళ్ళ చదువు వృథాకాక కొత్త చదువుకు పునాదిగా నిలుస్తుంది. త్వరణమని నేర్చినదానిని ‘యాక్సిలరేషన్’ అంటున్నారని తెలిసిన మరుక్షణం భయం సగం తగ్గుతుంది. అధ్యాపకుని గదికి వెళ్ళి సందేహం అడిగే అలవాటు తొలి పక్షంలోనే చేసుకోవాలి. తప్పుగా మాట్లాడతామేమోనన్న జంకుతో మౌనం వహించినవారు తరువాత నోరు విప్పడం కష్టం. కష్టమైన విషయానికి ప్రతిదినం ఒక గంట కేటాయించి, ఇష్టమైన దానిని తరువాత పట్టుకోవాలి. హాస్టలులో ఉండేవారు నెల మొదట చేతికందిన డబ్బును నాలుగు వారాలకు భాగించుకోవాలి. ఇంటికి ఉత్తరమో ఫోనో మానరాదు.

సీనియర్ల వేధింపును పూర్వం ఆచారమని సహించేవారు. అది నేరమని 1997లో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2009లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం దేశమంతటికీ నిబంధనలు ఏర్పరచింది. బాధకు గురైనవారు దాచుకోవలసిన అవసరం లేదు. కొత్త విద్యార్థికి కళాశాలను పరిచయం చేసే కార్యక్రమాన్ని 2017లో సాంకేతిక విద్యా మండలి, 2019లో ‘దీక్షారంభ్’ పేరిట గ్రాంట్ల సంఘం ప్రవేశపెట్టాయి. రామానుజన్ కాలంలో లేని చేయూత చాల ఆలస్యంగానైనా వచ్చింది. తొలి దినాలలో జరిగే ఈ కార్యక్రమాలను కాలహరణమని ఎగవేయడం తగదు.

అయితే చట్టాలు, కార్యక్రమాలు ఒక మేరకే తోడ్పడగలవు. రాధాకృష్ణన్ గారికి దారి చూపినది ఒక బంధువు. రామలింగారెడ్డి గారి కలానికి ఊతమిచ్చినది తెలుగు విద్యార్థుల సమాజం. నదిపై వంతెన ప్రతి తరంలోను ముందు దాటినవారే వేశారు. ప్లాటినం జూబిలీ జరుపుకొనే ఏ పాఠశాలకైనా ఇదే పెద్ద ఆస్తి. తలిదండ్రులు మొదటి పరీక్ష మార్కులను చూచి తీర్పు చెప్పక, ఒక సంవత్సరం ఓర్పు వహించాలి. ఉపాధ్యాయులు చివరి తరగతిలోనే ముఖ్యమైన శాస్త్రపదాలకు ఆంగ్ల పర్యాయాలను పరిచయం చేయాలి. పూర్వవిద్యార్థులు తమ పాత పాఠ్యగ్రంథాలను పాఠశాలకు పంపి, తమ కళాశాలలో చేరిన తమ్ముణ్ణో చెల్లెల్నో తొలి నెలలో ఒకమారు పలకరించాలి. ఉత్సవ వేదిక దిగిన తరువాత కూడ కొనసాగవలసిన సేవ ఇది. దానికి ఖర్చయ్యేది కొద్ది సమయం, ఒక పాత పుస్తకం. వాటివల్ల నిలిచేది ఒక విద్యార్థి చదువు.