బొడ్డు చుట్టూ పద్నాలుగు

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు! ఈ మాట చెవిన పడని తెలుగువాడు ఉండడేమో. కుక్క కంటే ఆ సూదులకే జడిసి, కాటును లాగు కింద దాచుకున్న పిల్లలెందరో!

ఇంతకీ ఆ పద్నాలుగు ఎక్కడివి? 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి కుందేలు వెన్నుపాము ఎండబెట్టి చేసిన మందు ఎక్కించి బతికించాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ మెదడులో పెరిగిన క్రిమిని ఫినాల్‌తో చంపి టీకా చేసే పద్ధతి కనిపెట్టాడు. గొర్రె మెదడు దానికి ముడిసరుకైంది. చౌకే గాని, మందులో పస తక్కువ, మోతాదు ఎక్కువ. అందుకే రోజుకొకటి చొప్పున పొట్టమీద పొడిచేవారు. పైగా మెదడు పదార్థం కదా, అరుదుగా కొందరికి పక్షవాతమూ వచ్చేది.

ఇక గచ్చిబౌలికి రండి. కంప్యూటర్ల కోటగా పేరుపడ్డ ఈ దిక్కున సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. అంతకు పదహారేళ్ళ ముందే, 1982లో, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి పశువుల గాలికుంటు టీకా కోసం హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను నెలకొల్పింది. గచ్చిబౌలిలో దాని చిరునామా రక్షాపురం. పశువుల మందుతో మొదలైన ఆ సంస్థే కుక్కలకు రక్షారాబ్, మనుషులకు అభయరాబ్ తెచ్చింది. మనుషుల టీకాలో గొర్రె మెదడు ఊసే లేదు. వెరో కణాల్లో క్రిమిని పెంచి, చంపి, శుద్ధిచేస్తారు. గొర్రె మెదడు టీకా మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది.

పద్నాలుగు సూదులు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. భయం మాత్రం పోలేదు! ఇప్పుడు సూది వేసేది జబ్బకి. కండలోకైతే అయిదుసార్లు, చర్మంలోకైతే నాలుగుసార్లు వెళ్తే చాలు. గాయం లోతైతే కాటు దగ్గరే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. అన్నిటికంటే ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంటసేపు కడగాలి. కారం, సున్నం, పసరు జోలికి పోవద్దు. ఇంట్లో కుక్క ఉంటే మూడో నెలలో మొదలుపెట్టి డాక్టరు చెప్పినట్లు టీకా వేయిస్తూ ఉండాలి.

జబ్బు బయటపడ్డాక మాత్రం ఏ టీకా పనిచేయదు. నీళ్ళు చూస్తే గొంతు పట్టేసే ఆ స్థితి నుంచి తిరిగొచ్చినవారు ప్రపంచం మొత్తంమీద వేళ్ళమీద లెక్కించేంతమందే.

కాబట్టి ఇవాళే మీ పిల్లలతో ఒక్క మాట అనండి: "కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పు నాయనా, తిట్టం. పద్నాలుగు సూదులూ ఉండవు."