అరఘట్టానికి పళ్ళున్నాయా? – ఒక పదం, రెండు యంత్రాలు

ప్రాచీన భారతంలో పళ్ళ చక్రాల ఉనికికి ‘అరఘట్ట’ పదాన్ని సాక్ష్యంగా చూపడం పరిపాటి. ‘అర’ అంటే చక్రపు ఆకు. ఉత్తరాదిన పర్షియన్ చక్రానికి వాడుకలో ఉన్న ‘రహట్’ ఈ పదం నుంచే వచ్చింది. పేరు కొనసాగింది కనుక యంత్రమూ అదేనన్నది ఈ వాదానికి మూలం. నూలు వడికే సాధనాన్నీ, జాతరలో పిల్లలెక్కే రంగులదాన్నీ ‘రాట్నం’ అనే మనకు ఈ వాదం బలహీనత వేరే చెప్పనక్కరలేదు.

పంచతంత్రంలో గంగదత్తుడనే కప్ప అరఘట్టపు కుండల వరుస పట్టుకొని బావి నుంచి పైకి వస్తుంది. లోతైన బావికి కుండల మాల ఉండేదని దీనివల్ల తెలుస్తుంది, అంతే. చక్రాన్ని మనిషి చేత్తోనో కాలితోనో తిప్పితే ఇరుసు ఒక్కటే చాలు. ఎద్దు బావి పక్కన వలయంగా తిరిగినప్పుడే చిక్కు వస్తుంది: ఎద్దు తిప్పే ఇరుసు నిలువు, కుండల చక్రపు ఇరుసు అడ్డం. ఒక చలనాన్ని లంబకోణంలో మళ్ళించడానికి రెండు చక్రాల పళ్ళు ఒకదానిలో ఒకటి పడాలి. ఎద్దు తిప్పే చక్రానికి 48 పళ్ళు, రెండోదానికి 24 ఉన్నాయనుకుంటే, ఎద్దు ఒక చుట్టు తిరిగేసరికి కుండల చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. ఆ మేరకు ఎద్దుపై భారమూ పెరుగుతుంది.

ఈ భేదాన్ని ఆధారం చేసుకొనే, పళ్ళ అమరిక మధ్యయుగాల్లో వచ్చిందని ఇర్ఫాన్ హబీబ్ 1969లో వాదించారు. ఆయన వాదంలో గ్రంథాల మౌనానికి కొంత ఎక్కువ బరువే దక్కిందని నా అభిప్రాయం. నిండుతూ ఖాళీ అవుతూ తిరిగే కుండల్లో సంసారాన్ని చూసిన కవికి ఇరుసు చివర ఏముందో చెప్పవలసిన పనిలేదు. కొయ్య పళ్ళు మట్టిలో నిలవవు. అయినా నిరూపణ భారం ప్రాచీనత కోరేవారిదే.

స్పష్టమైన వర్ణన బాబరు ఆత్మకథలో ఉంది. లాహోరు, దీపాల్‌పూరు ప్రాంతాల్లో కుండల చక్రపు ఇరుసు చివర రెండో చక్రం, దాని దగ్గర నిలువు ఇరుసుపై మూడో చక్రం ఉంటాయనీ, ఎద్దు తిప్పే ఆ చక్రపు పళ్ళు రెండోదాని పళ్ళను పట్టుకుంటాయనీ అతడు రాశాడు. ఆగ్రా, బయానాల్లో మాత్రం ఎద్దు గిలక మీదుగా తాడు లాగి పెద్ద తోలుబొక్కెన తోడేది. మన మోటబావి పద్ధతీ ఇదే: ఎద్దు నడక తిన్నగా సాగుతుంది, తాడును గిలక మళ్ళిస్తుంది, పళ్ళతో పనిలేదు. బాబరు దాన్ని శ్రమతో కూడిన మురికి పద్ధతిగా ఈసడించాడు.