కొండెక్కిన మాట

మా మేనల్లుడికి కొండలెక్కే పిచ్చి భువనగిరి గుట్ట మీద పట్టుకుంది. ఉద్యోగం హైదరాబాదులో, మనసు మాత్రం ఎప్పుడూ బండరాళ్ళ మీద. పోయిన కార్తీకమాసంలో వాడూ, వాడితో కలిసి ఎక్కే స్నేహితులు ముగ్గురూ మా ఇంట్లో చేరి ఒక డాక్యుమెంటరీ పెట్టారు. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘రేస్ టు ది సమ్మిట్’. స్విట్జర్లాండ్ వాళ్ళిద్దరు, ఉయెలీ స్టెక్, డానీ ఆర్నాల్డ్, ఆల్ప్స్ పర్వతాల ఉత్తరపు గోడల మీద ఒకరి రికార్డును ఒకరు చెరిపేసుకుంటూ పోయిన కథ అది. సినిమా సగంలో ఉండగా మా అక్క తులసికోట దగ్గర్నుంచి లోపలికొచ్చి, “గాలికి దీపం కొండెక్కిందిరా, అగ్గిపెట్టె ఏదీ?” అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తెర మీద కనబడుతున్న ఆ స్టెక్ 2017 ఏప్రిల్ 30న నేపాల్లో నుప్‌త్సే మీద పడిపోయి ప్రాణం వదిలాడని నాకు ముందే తెలుసు. నలభై ఏళ్ళ మనిషి.

కొండెక్కడం అనే మాట మన భాషలో కాళ్ళతోనే ఆగలేదు. ధరలు కొండెక్కుతాయి. బతిమాలించుకోవాలనుకునే అల్లుడు కొండెక్కి కూర్చుంటాడు. దీపం కొండెక్కితే మాత్రం ఇల్లు చీకటవుతుంది. వెలుగు ఆరిందని నోటితో అనడం అశుభమని పెద్దవాళ్ళు మాటను పక్కకు మళ్ళించారు. అదే పద్ధతిలో డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అన్నారు, మంగళసూత్రం తాడు తెగితే ‘పెరిగింది’ అన్నారు. అయితే ఆ రెండూ తిరగేసి చెప్పిన మాటలు. ఖాళీని నిండుదనంతో, తెగడాన్ని పెరగడంతో కప్పారు. దీపం విషయంలో ఆ తిరగేత లేదు. ఆరిన వెలుగు పైకి పోయింది, మన కంటికి ఆననంత పైకి, అని మాత్రమే అన్నారు. ‘కొండకు పోయాడు’ అంటే ఏ కొండ అని తిరుపతి దిక్కున ఎవరూ అడగరు కదా, అలాంటి చోట దీపం పోవడానికి కొండను మించిన చోటు ఏముంటుంది?

పొరుగున కన్నడంలో ఎక్కడాన్ని ‘హత్తు’ అంటారు. మన ‘హత్తుకోవడం’ దాని తోబుట్టువే. ఒళ్ళంతా రాతికి అదిమి, అర అంగుళం అంచుకు వేళ్ళు తగిలించి పైకి పోయేవాడికి ఇంతకన్నా నిజమైన క్రియ దొరకదు. అక్కడ నిప్పు కూడా ‘హత్తుతుంది’, అంటే రాజుకుంటుంది. వాళ్ళకు ఎక్కడమూ రాజుకోవడమూ ఒకే క్రియ. మనకు ఎక్కడం, ఆరిపోవడం ఒకే నుడికారంలో పడ్డాయి. ఎందుకిలా అయిందో చెప్పలేను గాని, పక్కపక్క ఇళ్ళల్లో ఇంత తేడా ఉండటం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇక ఉత్త ‘ఎక్కు’. తమిళంలో ‘ఎక్కి’ చూడటమంటే మునివేళ్ళ మీద నిక్కి చూడటం. మన ఎక్కు చాలా తిరిగింది: బస్సెక్కింది, కోర్టుకెక్కింది, జబ్బుపడి మంచమెక్కింది. ‘ఎక్కువ’ దీని బిడ్డే. ఈ క్రియకు మనిషే కర్త కావాలన్న నియమమూ లేదు. విషం ఎక్కుతుంది, మత్తెక్కుతుంది, పొగడ్త నెత్తికెక్కుతుంది. అప్పుడు ఎక్కేది అదీ, కింద ఉండేది మనిషీ.

సినిమా అయ్యాక పిల్లల మాటల్లో నాకు వినబడింది ఈ రెండో రకం ఎక్కుడే. సాహసం, గుండెధైర్యం లాంటి మాటలు ఒక్కరి నోటా రాలేదు. ఒక తాడు గురించి గంటసేపు కొట్టుకున్నారు.

ఆ తాడు కథ చెప్పాలి. ఆల్ప్స్‌లోని ఐగర్ శిఖరం 3,967 మీటర్లు. దాని ఉత్తరపు గోడ ఒక్కటే దాదాపు 1,800 మీటర్లు. జర్మన్‌లో ఉత్తరపు గోడను ‘నార్డ్‌వాండ్’ అంటారు. ఒక్క అక్షరం మార్చి ‘మోర్డ్‌వాండ్’ అన్నారు, అంటే హత్యల గోడ. 1936లో నలుగురు కుర్రాళ్ళు దాని మీదికి వెళ్ళారు. నున్నటి పలక ఒకటి అడ్డమొస్తే ఆండ్రియాస్ హింటర్‌స్టాయిసర్ తాడు సాయంతో పక్కకు దాటి దారి చేశాడు. మిగతావాళ్ళు దాటాక తాడు లాగేసుకున్నారు. పైన వాతావరణం తిరగబడి వెనక్కి రావలసి వస్తే, ఆ పలకను ఇటువైపు నుంచి దాటడం వాళ్ళ వల్ల కాలేదు. నలుగురూ పోయారు. ఆఖరివాడు టోనీ కుర్జ్, కాపాడడానికి వచ్చినవాళ్ళ కళ్ళముందే, చేతికి అందీ అందనంత దూరంలో, తాడుకు వేలాడుతూ పోయాడు. ఇప్పుడు ఆ పలక మీద తాళ్ళు ఎప్పుడూ కట్టే ఉంటాయి.

1938 జులైలో హెక్‌మైర్, ఫ్యోర్గ్, హారర్, కాస్పరెక్ ఆ గోడను తొలిసారి ఎక్కినప్పుడు లెక్క రోజుల్లో ఉండేది. స్టెక్ 2007లో దాన్ని 3 గంటల 54 నిమిషాలకు తెచ్చాడు, మరుసటి ఫిబ్రవరిలో 2 గంటల 47 నిమిషాల 33 సెకండ్లకు. 2011 ఏప్రిల్‌లో ఆర్నాల్డ్ 2 గంటల 28 నిమిషాల్లో ఎక్కేశాడు. 2015 నవంబరులో స్టెక్ మళ్ళీ వచ్చి 2 గంటల 22 నిమిషాల 50 సెకండ్లు అనిపించాడు. పిల్లల తగువంతా 2008కీ 2011కీ మధ్య. హింటర్‌స్టాయిసర్ పలక మీద ఆర్నాల్డ్ ఆ కట్టిన తాడు పట్టుకున్నాడు. 2008లో స్టెక్ పట్టుకోలేదు.

“తాడు పట్టుకున్నాక ఆ నిమిషాలు వేరే ఖాతాలో రాయాలి” అన్నాడొకడు. వాళ్ళల్లో ఉన్న అమ్మాయి ఒప్పుకోలేదు: “మంచు ఎలా ఉందో చెప్పకుండా నిమిషాలేంటి? ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల గుంటలుంటే మెట్లెక్కినట్టే. గడియారానికి ఈ సంగతులేం తెలుసు?” మూడోవాడికి సినిమా వాళ్ళిద్దరినీ శత్రువుల్లా చూపించడం నచ్చలేదు. మా వాడు కాసేపు ఊరుకుని, “మామయ్యా, స్టెక్ ఆ తాడు ముట్టుకోకపోవడం గొప్పే. కాని పక్కనే తాడుందని తెలిసి ముట్టుకోకపోవడం వేరు, 1936లో లాగా తాడే లేకపోవడం వేరు” అన్నాడు. ఆ పూట విన్న వాటిలో బరువున్న మాట అదే.

వాళ్ళు పదేపదే వాడిన మాట ‘స్టైల్’. మనకు ఆ మాట వింటే జుట్టు వెనక్కి దువ్వుకోవడమో, సిగరెట్టు ఎగరేసి నోటితో అందుకోవడమో గుర్తొస్తుంది. ఎక్కేవాళ్ళకు దాని అర్థం ఒకటే: అందుబాటులో ఉన్న సాయాల్లో ఏవి వద్దనుకున్నావు? ఇందుకు తెలుగు మాట వెతికి నేను తంటాలు పడ్డాను. నియమం అంటే చాలదు, పద్ధతి అంటే చప్పగా ఉంది. చివరికి తట్టింది, మొక్కు. తిరుమలకు బస్సుంది. అయినా అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లూ నడిచి ఎక్కేవాళ్ళున్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళూ ఉన్నారు. ఎంతసేపట్లో ఎక్కావని వాళ్ళనెవరూ అడగరు. ఎలా ఎక్కావనే అడుగుతారు. సినిమాకు మొక్కు కనబడదు, తెర మీద వేయడానికి ఒక అంకె కావాలి. ఎక్కేవాళ్ళ అసంతృప్తికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. సినిమా బాగానే తీశారు, కాని అడగవలసిన ప్రశ్న అడగలేదు.

అంకె లేకపోతే రికార్డుకెక్కడం కుదరదు, నిజమే. అంకె ఉన్నా సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో స్టెక్కే చూశాడు. 2013లో అన్నపూర్ణ దక్షిణపు గోడను ఒంటరిగా 28 గంటల్లో ఎక్కి దిగానన్నాడు. కెమెరా దారిలో పోయింది, ఫొటో లేదు. ఆ ఎక్కుడుకే పర్వతారోహకులకిచ్చే పియొలే డోర్ పురస్కారం ఇచ్చారు, అనుమానించేవాళ్ళు మాత్రం అనుమానిస్తూనే ఉన్నారు.

ఈ సినిమాకు జర్మన్‌లో పేరు వేరు, ‘డ్యుయెల్ ఆమ్ అబ్‌గ్రుండ్’, అగాధం అంచున ద్వంద్వ పోరు. ఇంగ్లీషువాడు పరుగుపందెం చూసిన చోట జర్మన్‌వాడు కత్తులు చూశాడన్నమాట. ఇందుకు మనకో పాత మాట ఉంది, నేను ఊరికే వదలను. ‘ఏకం’ ప్రాకృతంలో ‘ఎక్క’ అయింది. మన ఒకటో ఎక్కం, రెండో ఎక్కం అక్కడివే, కొండలెక్కడంతో వాటికి చుట్టరికం లేదు. ఆ ‘ఎక్క’ నుంచే ‘ఎక్కటి’ వచ్చింది. ఎక్కటి అంటే ఒంటరి. ‘ఎక్కటి కయ్యం’ అంటే ఒకడితో ఒకడు తలపడే పోరు. వేరే వేరే సంవత్సరాల్లో, వేరే వేరే మంచులో, తోడు లేకుండా ఒక్కొక్కరే ఎక్కిన ఇద్దరు కలబడ్డారంటే ఆ కయ్యానికి ఎక్కటి కన్నా తగిన మాట లేదు. ఒంటరితనమూ పోరూ రెండూ అందులో ఉన్నాయి.

పత్రికలకు నచ్చిన మాట ‘అధిరోహించారు’. గద్దెనైనా ఎవరెస్టునైనా అధిరోహించడమే. అందులోని ‘రుహ్’ ధాతువుకు ఎక్కడంతో పాటు మొలకెత్తడం, పెరగడం అనే అర్థాలున్నాయి. నేల నుంచి పెరిగేది మహీరుహం, కొలనులో పెరిగేది సరోరుహం. చెట్టు పెరిగే తీరు దాచుకున్న ధాతువుకు ముందు వేగం తగిలించి ‘వేగారోహణ’ అని ఎవరో రాయగా చూశాను. అది మాటే కాదంటాను. స్పీడ్ క్లైంబింగ్ అని తెలుగు అక్షరాల్లో రాసుకుంటే నష్టమేమీ లేదు.

ఒలింపిక్స్ వాళ్ళ స్పీడ్ క్లైంబింగ్ సంగతి వేరు. 15 మీటర్ల గోడ, ప్రపంచమంతటా ఒకే వరసలో బిగించిన అవే పట్లు. 2024 పారిస్‌లో శామ్ వాట్సన్ 4.74 సెకండ్లలో ఎక్కి ప్రపంచ రికార్డు కొట్టి కంచుతో సరిపెట్టుకున్నాడు. 4.75తో వెడ్రిక్ లెయొనార్డో బంగారం పట్టుకుపోయాడు. అక్కడ గడియారంతో ఎవరికీ పేచీ లేదు. అది ఎక్కడమేనా అన్న పేచీ ఎక్కేవాళ్ళలో ఉంది, దాన్ని వాళ్ళకే వదిలేస్తాను.

మనవాడూ ఒకడు గడియారం పెట్టుకుని కొండలెక్కాడు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అప్పటికి అది రికార్డు. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల్లో కనబడకుండా పోయాడు. ఏప్రిల్ మొదటి వారంలో దొరికింది మృతదేహమే. అతని గురించి రాయవలసి వస్తే ఏ క్రియ వాడాలని ఆలోచించాను. అధిరోహించాడు అని రాస్తే బిగుసుకుపోయినట్టుంది. కొండెక్కాడు అని రాయబోతే దీపం అడ్డొచ్చింది.

దీపం ‘ఘనమైంది’ అనే ఇళ్ళు కూడా ఉన్నాయి. మీ ఇంట్లో దీపం ఆరితే ఏమంటారో, అమ్మమ్మో నాయనమ్మో ఏమనేవారో, ఊరి పేరుతో సహా ఒక కార్డు ముక్క రాయండి.